మూల తిరిగిన వెలుగు

మస్తానన్నా,

మన సరళ గెలిచింది! నంద్యాలలో నీ కళ్లద్దాల కొట్టు ముందర పగిలిన అద్దాలు ఏరుకుని ఎండను గోడమీద ఆడించిన నా కూతురే! నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. అయినా నీకు చెప్పకుండా ఎలా ఉండను?

బెంగళూరులో దాని పరిశోధన నీకు తెలుసు. గోరంత సిలికాన్ చిప్పు మీద వెంట్రుక కన్నా సన్నని బెజ్జాలు వరుసగా తొలిచి, వాటి మధ్య వెలుగును నడిపించి మూల తిప్పాలి. రెండు చిప్పుల్లో వెలుగు మూల దగ్గరే చెదిరిపోయింది. మూడోదీ పోతే చదువు మానుకొని రావలసిందేనని అక్కడి సార్లు అన్నారు.

"బెజ్జాల అంచులు గరుకుగా ఉండాయి నాయనా" అని పోయిన నెల ఏడ్చింది. రాతిశిల్పం చెక్కేవాణ్ని, నాకు తెలిసింది చెప్పాను. "కడాకు వచ్చేకొద్దీ ఉలి దెబ్బ తగ్గించాలమ్మా. తొందరగా కానీయాలని కొడితే అంచు లేస్తాది."

నిన్న మూడో చిప్పుకు పరీక్ష. ఆళ్లగడ్డలో పొద్దున్నుంచి ఫోను ముందరే కూర్చున్నాను. మధ్యాహ్నానికి మోగింది. సరళే.

"ఏమైందే? చెప్పు!"

"తిరిగింది నాయనా! ఈసారి మెల్లిగా తొలిచినాం. తిరిగింది!"

"నీ కళ్లతో చూసినావా?"

"అది కంటికి కనపడే వెలుగు కాదు నాయనా. మిషను తెరమీద గీత పైకి లేస్తే, వెలుగు ఆడ ఉండాదని తెలుస్తాది."

నువ్వుంటే "కనపడని వెలుగేందప్పా, నీ బిడ్డ నిన్ను ఆట పట్టిస్తాంది" అని నవ్వేవాడివి. నేను మాత్రం నమ్మాను అన్నా. నమ్మకపోతే, కనపడని నీకు ఉత్తరం రాస్తానా?