బార్లీకి మొహమాటం తెలియదు

కాలిఫోర్నియా,
ఫిబ్రవరి 2, 1993

ప్రియమైన డ్వేన్,

ఈ కుక్కల శిక్షణ కేంద్రానికి క్షేమంగా చేరాను. ఇక్కడ ఫిబ్రవరిలో నిమ్మచెట్ల నిండా కాయలే! పొద్దున్నే పొగమంచు దిగితే చెట్లు మాయమై, కాయలు మాత్రం గాలిలో తేలుతుంటాయి. నిజంగా చూస్తున్నానో, మందుల మత్తో తెలియడం లేదు. మధ్యాహ్నం కాస్త కునుకు పడితే మన సరస్సు కలలోకి వచ్చింది. గడ్డకట్టిన నీళ్ళ మీద ఉత్తకాళ్ళతో నడుస్తున్నాను. చక్రాల కుర్చీ లేదు, కర్ర లేదు, చలి కూడా లేదు.

నాకు బార్లీని ఇచ్చారు. రెండేళ్ళ లాబ్రడార్ కుక్క. కిందపడ్డ తాళాలు నోటితో తీసిస్తాడు, తలుపుకు కట్టిన తాడు లాగుతాడు, వీపుకు కట్టిన పట్టీ పిడి పట్టుకుని నేను లేవబోతే కదలకుండా నిలబడతాడు. ఇవన్నీ నేర్పే డెనీస్ చెబితేనే సుమా. నేను చెబితే ఆవలిస్తాడు!

"ఏమ్మా, కుక్కని బతిమాలుతున్నావా?" అంది డెనీస్. నేనన్నదల్లా "బార్లీ, నీకు వీలైతే, ఏమీ అనుకోకపోతే, ఆ తాళాలు కాస్త..." అని. ఈ నరాల జబ్బు వచ్చిన తొమ్మిదేళ్ళలో అందరికీ సారీలు చెప్పీ చెప్పీ నా నోటికి అదే అలవాటైపోయింది.

పద్దెనిమిదో తారీఖున పరీక్ష. ఆలోగా వాడు నా మాట వినకపోతే ఒట్టిచేతులతో ఇంటికి రావడమే.

నీ,
మార్లిస్

మిన్నెసోటా,
ఫిబ్రవరి 6

ప్రియమైన మార్లిస్,

ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలుసు, అందుకే రాస్తున్నాను. ఇక్కడ ఒకటే మంచు. అవతలి ఒడ్డు కనబడటం లేదు. మన ఇల్లొక్కటే తెల్లటి శూన్యంలో ఉన్నట్టుంది. బార్లీ లాగడానికి తలుపులన్నిటికీ తాళ్ళు కట్టాను.

పక్కింటి ఆర్డిస్ వంటకం తెచ్చింది. వద్దన్నాను. పర్లేదంది. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడిగాక తీసుకున్నాను. మన ఊళ్ళో అంతేగా! ఒక్కసారికే తీసుకుంటే ఆశపోతు అనుకోరూ?

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఏదో పడిన చప్పుడైనట్టు లేస్తాను. తీరా చూస్తే ఏమీ పడి ఉండదు. కుక్క వినలేదని బెంగపడకు. వినకపోతే ఏమైంది, నేనున్నాగా! తాళాలు నేను తీసివ్వలేనా?

ఎప్పటికీ నీ,
డ్వేన్

కాలిఫోర్నియా,
ఫిబ్రవరి 10

ప్రియమైన డ్వేన్,

ఈరోజూ అంతే. "కాస్త" అనకుండా ఒక్క మాటా చెప్పలేకపోయాను. బార్లీ నిమ్మచెట్ల కింద నిద్రపోయాడు, వాడి పక్కన నేనూ. కలలో వాడు నీ గొంతుతో "నేనున్నాగా" అన్నాడు. మెలకువ వచ్చాక ఎందుకో ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి. "రెండేళ్ళ క్రితం మీ డాక్టరు నీ పేరు పంపారని మావాళ్ళు ఫోను చేసి, కుక్క సిద్ధంగా ఉందంటే మీ ఇంట్లో వద్దన్నారటగా. పోనీలే, మనసు మార్చుకున్నారు" అంది డెనీస్. ఏదో పొరపాటు పడ్డారేమో అన్నాను. రెండేళ్ళ క్రితమంటే నేనింకా లైబ్రరీలో పనిచేస్తున్న రోజులు. కిందపడ్డ పుస్తకాలు వంగి తీయలేకే కదా ఆ ఉద్యోగం మానేశాను!

నీకేమైనా తెలుసా?

నీ,
మార్లిస్

మిన్నెసోటా,
ఫిబ్రవరి 13

ప్రియమైన మార్లిస్,

పొరపాటు కాదు. ఆ ఫోను ఎత్తింది నేనే. నువ్వు నిద్రలో ఉన్నావు. "అబ్బే, మాకెలాగో జరిగిపోతోంది. మాకన్నా అవసరం ఉన్నవాళ్ళకి ఇవ్వండి" అన్నాను. మళ్ళీ అడుగుతారని ఆగాను. ఫోను చేసినావిడ "సరే సార్" అని పెట్టేసింది. వాళ్ళు ఒక్కసారే అడుగుతారని నాకేం తెలుసు!

ఇన్నాళ్ళూ అది మొహమాటమేనని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆవిడ పెట్టేశాక నాకు హాయిగా అనిపించింది. తిరిగి ఫోను చేయొచ్చు, చేయలేదు. నువ్వు ఉద్యోగం మానేసిన రోజున కూడా నోరు మెదపలేదు. నీకు తాళాలు తీసివ్వడానికైనా అక్కర్లేకపోతే ఇంక నేనెందుకు మార్లిస్? ఈ తొమ్మిదేళ్ళలో నాకు వచ్చిన పని అదొక్కటే.

పోయినేడు నీ అంతట నువ్వే వాళ్ళకి ఉత్తరం రాసుకున్నావు. అప్పుడైనా చెప్పాల్సింది. నన్ను తిట్టు.

డ్వేన్

కాలిఫోర్నియా,
ఫిబ్రవరి 18

డ్వేన్,

నీ ఉత్తరం మొన్న అందింది. రెండుసార్లు చదివాను. ఒళ్ళు మండిపోయింది. పుస్తకాల వాసన, నా బల్ల, కిటికీ పక్క ఎండ, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. నీ ఉత్తరం చేతిలోంచి జారి కింద పడింది.

"తియ్!" అన్నాను.

అది నా గొంతేనా అనిపించింది. బార్లీ చటుక్కున లేచి ఉత్తరాన్ని నా ఒళ్ళో పెట్టాడు. ఒక మూల తడిసింది. "ఆ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా!" అంది డెనీస్. అప్పటినుంచి ఒక్క మాట కూడా రెండోసారి చెప్పించుకోలేదు వాడు. ఇవాళ పరీక్ష నెగ్గాం. ఇంటికి వాడితో వస్తున్నాను.

నా కోపం తీరలేదు. ఎప్పటికి తీరుతుందో నాకే తెలియదు. ఆ రెండేళ్ళు నువ్వు తెచ్చివ్వలేవు.

ఇక్కడో నియమం ఉంది. మొదటి రెండు నెలలు బార్లీ చేసే పని ఇంకెవరూ చేయకూడదు. స్పూను కింద పడితే నువ్వు కుర్చీలోంచి లేవకూడదు. నీకు కష్టంగానే ఉంటుంది, తెలుసు. ఈ తొమ్మిదేళ్ళూ నీ చేతులు నన్ను లేపాయి, దింపాయి, స్నానం చేయించాయి. ఊరికే, ఏ పనీ లేకుండా, నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో నీకైనా గుర్తుందా?

ఇరవై ఏడో తారీఖు, శనివారం మధ్యాహ్నం విమానాశ్రయానికి రా. నన్ను ఎత్తుకోకు, కుర్చీ తేకు. ద్వారం దాకా నడిచే వస్తాను. ఎడమ చేత్తో బార్లీ పిడి పట్టుకుంటాను. కుడి చెయ్యి ఖాళీగా ఉంటుంది. పట్టుకో.

ఇంకా కోపంగానే ఉన్న,
నీ మార్లిస్