కోలాటంలో తప్పిన అడుగు

19-3-1937, శుక్రవారం, యర్రగొండపాలెం

చూపుడువేలు వాచి అక్షరాలు వంకరగా పడుతున్నాయి. అయినా ఇది రాయందే నిద్ర పట్టదు.

కోలాటంలో చేరి తొమ్మిది రోజులు. నలభై రెండేళ్ళ బడిపంతులు అందరి ముందూ అడుగు తప్పితే ఊళ్ళో ఎవరు లెక్కచేస్తారని ఒకటే భయం. తప్పినప్పుడల్లా బిగుసుకుని నిలబడిపోయేవాణ్ణి. పక్కవాడి కోల నా వేళ్ళ మీద పడేది.

ఇవాళా అంతే. మాకు నేర్పే ఓబయ్యకు సేద్యమే గాని చదువు రాదు. దగ్గరికొచ్చి వేలు చూశాడు.

"అయ్యోరూ, అడుగు తప్పినందుకు కాదు, నిలబడినందుకు తగిలింది దెబ్బ. తప్పితే తప్పనీ, తిరగతా ఉండండి. కాలే దారికొస్తాది."

మళ్ళీ తప్పాను. ఈసారి ఆగలేదు. నాలుగడుగుల్లో అందరితో కలిసిపోయాను! "సెబాసు అయ్యోరా!" అని ఓబయ్య అరిచాడు. ఆట అయ్యాక, "వస్తాను గురువుగారూ" అని దండం పెట్టాను. ఎంత సిగ్గుపడ్డాడో పాపం.

ఇంటికొచ్చినప్పటినుంచీ ఒకటే గుచ్చుతోంది. ఇరవై ఏళ్ళుగా, పిల్లలు తప్పు చదివిన చోటల్లా ఆపి బెత్తంతో కొట్టింది ఈ చెయ్యే. తడబడిన వాళ్ళలో ఒక్కణ్ణయినా పాఠం చివరిదాకా పోనిచ్చానా?