గది మధ్యలో స్తంభం

అన్నయ్యకు,

చెల్లెలి నమస్కారాలు. అమ్మ మోకాలు తప్ప ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

బడి పడగొడుతున్న సంగతి నాన్నకు చెప్పావా అని అడిగావు. చెప్పలేదు. నోరు రాలేదు. చేతిలో ఒక తాపీ, గోడలు తడపడానికి తోడుగా అమ్మ. అంతే కదా మన కంపెనీ పుట్టినప్పటి బలగం! ఆ బలగంతో ఆయన కట్టిన మొదటి భవనం అది. నలభై రెండేళ్ల తర్వాత దాన్ని మన మనుషులే కూల్చి, ఆ చోటే ఐదంతస్తులు లేపుతున్నామని ఏ ముఖంతో చెప్పను? మూడు వారాలు నాన్చాను. కానీ మేస్త్రీల నోళ్లు మూయగలమా? మంగళవారం పొద్దున్నే ఆయనే సైటుకు వచ్చేశారు.

కళ్లనీళ్లు పెట్టుకుంటారనుకున్నాను. హెల్మెట్ అడిగారు.

అప్పటికి పై అంతస్తులు తీసేశాం. కింద పెద్ద గది మధ్యలో ఉన్న స్తంభం దగ్గర నేనూ మిషన్ ఆపరేటరూ తల గోక్కుంటూ నిలబడ్డాం. పాత ప్లానులో అది లేదు. గుర్తుందా, నాలుగో తరగతిలో దాని వెనకే కూర్చునేవాడివి? బోర్డు కనిపించడం లేదని ఉక్రోషంతో, ఒకరోజు అన్నం దగ్గర "ఎవరు కట్టారో గానీ బుర్ర లేదు" అన్నావు. నాన్న కంచంలోంచి తలెత్తకుండా "నిజమేరా, లేదు" అన్నారు. మనం పడీపడీ నవ్వాం.

నాన్న వచ్చి స్తంభం మీద చెయ్యి వేశారు. పైనున్న దూలం చూపించారు.

"ఇది పోసే రోజు జడివాన పట్టుకుందమ్మా. ఆపేయాల్సింది. సరుకు కలిపేశాం కదా అని కానిచ్చేశాను. సెంట్రింగ్ చెక్కలు విప్పితే పైకి నున్నగానే ఉంది. నాకే మనసొప్పలేదు. పెద్ద టీచరమ్మకు ఉన్నమాట చెప్పి, పునాది తవ్వి ఈ స్తంభం లేపి ఆనించాను. ఏటా వానలు వెళ్లాక వచ్చి, సుత్తితో తట్టి చప్పుడు వినేవాణ్ణి."

అన్నయ్యా, నలభై రెండేళ్లు! ఈలోగా ఎన్ని భవనాలు కట్టారు, ఎంతమందికి పని నేర్పారు! అంతటి మనిషి జేబులో సుత్తి వేసుకుని, ఎవరూ అడగకపోయినా, ఏటేటా వెళ్లి తన తప్పును పలకరించి వచ్చేవారు. మనం మాత్రం నడకకు వెళ్లారనుకున్నాం.

"ముందు ఆ దూలం దింపు నాయనా. లోపల చూడాలి" అన్నారు.

మమ్మల్ని బయటికి పంపి, ఆపరేటర్ దాన్ని దింపి విరగ్గొట్టాడు. లోపలంతా తేనెపట్టే. నా పిడికిలి పట్టేంత బొక్కలు, తుప్పు తినేసి పుల్లల్లా మిగిలిన చువ్వలు. ఆపరేటర్ మిషన్ దిగి వచ్చి హెల్మెట్ తీశాడు.

"పెద్దాయనా, ఆ స్తంభమే లేకపోతే..." అని ఆగిపోయాడు.

నీ తరగతంతా నా కళ్ల ముందు కదిలింది. నాన్న ఇటుకల కుప్ప మీద కూలబడ్డారు. "ఇంతుందనుకోలేదమ్మా" అన్నారు.

ఇక ఇంకో సైటులో మనం కడుతున్న ఆసుపత్రి పని గడువుకు అవుతుందా అన్న నీ ప్రశ్న. ఏ ఢోకా లేదని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం. రెండు స్తంభాల కాంక్రీటు పరీక్షలో నిలవలేదు. ఆ కాగితం పది రోజులుగా నా సొరుగులోనే ఉంది. గడువు తప్పితే నీకు మాట వస్తుందని, ఏమీ కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, శుక్రవారం వాటి మీద స్లాబ్ వేయించేద్దామనుకున్నాను.

అక్కడే, ఆ ఇటుకల పక్కనే నిలబడి, నాన్నకు చెప్పేశాను. తిడతారనుకున్నాను.

"వాటి పైన ఏ గది వస్తుంది?"

"పురుళ్ల గది, నాన్నా."

లేపమన్నట్టు చెయ్యి చాచారు.

"స్లాబ్ ఇంకా పడలేదు కదా. నాకంటే అదృష్టవంతురాలివమ్మా నువ్వు. పద."

పొద్దు వాలేలోగా ఆసుపత్రి దగ్గర ఆ రెండింటినీ కూల్చేశాం. రెండోది నేల తాకేదాకా నాన్న ఎండలోంచి కుర్చీ జరుపుకోలేదు. పని నెల రోజులు వెనక్కి పోయింది. ఆసుపత్రి వాళ్లతో మాట్లాడేది నువ్వే కాబట్టి ఒక్కటి కోరుతున్నాను. ఆలస్యం వానల వల్ల అని చెప్పకు. నా వల్ల అని చెప్పు.

ఇట్లు,
మన నాన్న కూతురు,
నీ చెల్లెలు