గంజి పెట్టిన నోట్లు

మధిర,
12 ఆగస్టు 2024.

చిరంజీవి షబ్నమ్‌కు మీ అబ్బా ఫజల్ దువా చేసి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం, మీ అమ్మీ మోకాలు తప్ప. అది వేరు కాపురం పెట్టింది, ఎవరి మాటా వినదు.

భద్రాచలంలో నువ్వు పాఠాలు చెప్పే బడి మూతపడిందని, కుట్టుమిషనుంటే ఇంటిపట్టునే జాకెట్లు కుట్టుకుంటానని అన్నావు కదా. కష్టకాలంలో బంగారం కన్నా అరుదైన నోటు మేలని ముప్పై ఏళ్ల కింద ఒక రైల్వే గార్డు నాకు చెప్పాడు. ప్యాంటు కుట్టించుకుని కూలి ఎగ్గొట్టాడనుకో. సలహా మాత్రం మిగిలింది. అప్పటి నుంచి మనవాళ్లు బర్కత్, శుభం అనుకునే 786 నంబరు చివరనున్న నోటు దుకాణంలోకి వస్తే మళ్లీ బయటికి పోనివ్వలేదు.

మొన్న ఖమ్మం నుంచి నోట్ల వ్యాపారి వస్తున్నాడంటే మీ అమ్మీ ఊరుకుందా? పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు అన్నిటినీ కుంకుడు రసంలో ముంచి, పలచగా గంజి పెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసింది. గిట్ల మెరిస్తే ఎవడు కాదంటడు అంది. దుకాణంలో ఆ వ్యాపారి చూసి, గసుంటి ఇస్త్రీ నా జిందగీల చూడలే చాచా అన్నాడు. అన్నీ కొన్నాడు. నా ఇస్త్రీకే గంత ధర వచ్చిందని మీ అమ్మీ వాడంతా చాటుతోంది.

మిషను బస్సు పార్సిల్లో వేస్తున్నాను. గురువారం పోయి తెచ్చుకో.

దువాలతో,
మీ అబ్బా, ఫజల్.

తా.క. ఇంతవరకూ మీ అమ్మీకి చదివి వినిపించాను. ఆమెకు ఉర్దూ తప్ప తెలుగు చదవరాదు కదా. ఇది దుకాణంలో కూర్చొని రాస్తున్నాను; ఫోన్లో చెబితే పక్కనుండి వింటుంది.

వ్యాపారి ఒక్క నోటూ కొనలేదు. కడిగి ఇస్త్రీ చేస్తే నోటు పాణం పోతది చాచా, ముడతలతోని తెచ్చుంటే మిషనుకు సరిపోను ఇస్తుంటి అన్నాడు. ఆ ముక్క మీ అమ్మీకి చెప్పే నోరు నాకు లేదు.

నీకు వచ్చేది నా మిషనే. రంగు వేయించాను గానీ, చిన్నప్పుడు దాని కింద నిద్రపోయినదానివి, గుర్తుపడతావు. మోకాలి పుణ్యమా అని మీ అమ్మీ దుకాణం మెట్లెక్కదు. నాకు దర్జీ బొజ్జయ్య తన దుకాణంలో బట్టల కటింగు పని ఇస్తానన్నాడు. కత్తెర తొక్కనక్కర్లేదు, హాయి.

ఫోన్ చేసినప్పుడు ఆమె ఇస్త్రీని మెచ్చుకో. మిషను సొరుగులో ఆ నోట్లలోంచి ఒక పది రూపాయల నోటు పెట్టాను. ఖర్చు చెయ్యకు. ఒక్క ముడతైనా ఉందేమో వెతుకు.