మాల వేసుకున్న నెల

కార్తీకం, బుధవారం రాత్రి, ఎల్‌బీ నగర్

డాక్టరమ్మ చెప్పిన గుర్తులన్నీ ఈ రోజు కనిపించాయి. వైట్ డిశ్చార్జ్ రెండు రోజులుగా కోడిగుడ్డు తెల్లసొనలా జారుడుగా, సాగుతూ ఉంది. పొద్దున అండం విడుదలయ్యే రోజులు చెప్పే స్ట్రిప్ మీద రెండో గీత ముదురుగా వచ్చింది. "ఆ గీత వచ్చాక ఒకటి రెండు రోజులేనమ్మా, వదులుకోకండి" అన్నారు ఆవిడ.

పిల్లల కోసం ఎదురుచూసిన నాలుగేళ్లకు ఈ రోజుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాను. కానీ మా ఆయన పిల్లల కోసమే మొక్కుకుని పోయిన వారం అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు ఆయన హాల్లో చాప మీద, నేను లోపలి గదిలో.

సాయంత్రం భిక్ష వడ్డిస్తుంటే, "ఈసారి స్వామి తప్పక ఇస్తడు, నువ్వు పరేషాన్ గాకు మాతా" అన్నాడు. దీక్షలో భార్యనైనా అలాగే పిలవాలి. స్ట్రిప్ సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన మనసు దీక్ష మీద నిలవదేమో...

"సరే స్వామీ" అన్నాను.

ఇంకో రెండు వారాల్లో నెలసరి వస్తుంది. మాల ఉన్న ఇంట్లో ఆ రోజుల్లో ఉండకూడదు, చంపాపేట్‌లో అమ్మ దగ్గరికి వెళ్లాలి. ప్రతి నెలా ఆఖరి రోజు దాకా ఏదో ఒక ఆశ ఉండేది. ఈసారి బ్యాగు ఇప్పుడే సర్దేసుకున్నాను.