మంగాయమ్మ కూర్చుంటే ఆగిపోయే కారు

చోడవరం,
ఫిబ్రవరి 3.

విశాఖపట్నంలో పాత ఖరీదు కార్లు అమ్మే సాగరతీరం కార్స్ ఫిర్యాదుల ఆఫీసరు గారికి, చోడవరం నుంచి పెదబాబు దండాలు పెట్టి రాసుకున్నది.

ముందు నేనెవరో సెప్పుకోవాలి. మా చక్కెర ఫ్యాక్టరీకి ముప్పై రెండేళ్ళు చెరుకు లారీ తోలేను. ఒక్క కేసు లేదు. ఒక్క కోడిపిల్ల నా చక్రం కింద పడలేదు. పోయిన నెల్లో మీ షాపులో ఆ పెద్ద కారు కొన్నాను, బెల్లం రంగుది, తోలు సీట్లది. మీ ఫోనుకి చేస్తే ఒకావిడ ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటాది గానీ మన మాట వినిపించుకోదు. అందుకే రిజిస్టరు పోస్టు.

ఫిర్యాదు ఏటంటే, నేనొక్కణ్ణీ తోల్తే ఈ కారు బుద్ధిగా నడుస్తాది. నా ఇంటిది మంగాయమ్మ పక్కన కూర్చుంటే మాత్రం నడిరోడ్డు మీద టక్కుమని ఆగిపోతాది. నేను బ్రేకు తొక్కను. ఎదర ఎర్ర దీపం వెలుగుతాది, కీకీమని అరుస్తాది, అంతే. మనిషిని సూసి ఆగిపోయే బండి నా సర్వీసులో సూళ్ళేదు.

నా బాధ మీకు తెలవాలి. లారీ రోజుల్లో ఓనరు ఆడోళ్ళని కేబిన్ ఎక్కనిచ్చేవోడు కాదు. మంగాయమ్మ బస్సులో నిలబడి పోయేది, నేను పక్క సీటు ఖాళీగా పెట్టుకుని దాని ఎదర నుంచే లారీ తోలుకుపోయేవోణ్ణి. ఎప్పుడో ఒకప్పుడు సొంత బండి కొని, నిన్ను పక్కన కూకోబెట్టుకుని విశాఖపట్నం బీచికి తీసుకెళ్తానని మాటిచ్చేను. కారు వచ్చేక నాలుగుసార్లు బయల్దేరేం. ఒక్కసారీ అనకాపల్లి దాటలేదు. ఆగినప్పుడల్లా ఆవిడ "ఇంటికెళ్ళిపోదాం" అంటాది. నాకు తల కొట్టేసినట్టుంటంది.

వెంటనే విచారించండి.

ఇట్లు,
పెదబాబు, రిటైర్డ్ డ్రైవరు.

తా.క.: అప్పుడప్పుడు ఎదర కాఫీ కప్పు బొమ్మ వస్తంది. మేం టీ తాగుతాం. అది మార్చగలరేమో సూడండి.


విశాఖపట్నం,
ఫిబ్రవరి 12.

గౌరవనీయులైన పెదబాబు గారికి, సాగరతీరం కార్స్ తరఫున నమస్కారాలు.

మీ ఫిర్యాదు నమోదు చేశాం. భద్రతకు సంబంధించిన లోపం కాబట్టి విచారణ నాకు అప్పగించారు. దయచేసి ఈ వివరాలు పంపండి: వాహనం ఎక్కడెక్కడ ఆగింది, ఆ సమయంలో ముందు ఏముంది, ఇంకేవైనా ఇబ్బందులున్నాయా.

ఇంకొక సంగతి. మా రికార్డుల ప్రకారం మీకు అమ్మిన వాహనం తెలుపు రంగుది. మీరు బెల్లం రంగు అని రాశారు. రంగు మార్పించి ఉంటే తొంభై రోజుల గ్యారంటీ వర్తించదని తెలియజేయడానికి చింతిస్తున్నాను.

భవదీయురాలు,
క్రిస్టినా, ఫిర్యాదుల విచారణ అధికారి.

తా.క.: కాఫీ కప్పు బొమ్మ వస్తే డ్రైవరు అలసిపోయాడని కారు గుర్తించిందని అర్థం. టీ బొమ్మ మా దగ్గర లేదు.


చోడవరం,
ఫిబ్రవరి 17.

క్రిస్టినా ఆఫీసరమ్మకి, పెదబాబు కోపంగానే దండం పెడతన్నాడు.

రంగు మార్పించేనంటారా? ఎవరేసేరమ్మా రంగు? నేను కొన్నప్పుడూ బెల్లం రంగే, ఇప్పుడూ బెల్లం రంగే. మంగాయమ్మని అడిగితే "మీకెలా కనబడితే అలాగే రాయండి" అంది. మొగుణ్ణి కాదనే మనిషి కాదు.

మీరడిగిన వివరాలు. మొదటిసారి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగింది. ఎదర ఏటీ లేదు, ఖాళీ రోడ్డు. ఆగేక ఎక్కడి నుంచి వచ్చిందో ఒక చెరుకు ట్రాక్టరు సరిగ్గా నా బంపరు ఎదర ఉంది. రెండోసారి బడి దగ్గర. అప్పుడూ ఖాళీయే. ఆగేక సూస్తే స్పీడు బ్రేకరు, దాని మీద ఒక గేదె. మూడోసారి కోడిగుడ్ల తోపుడుబండి. అతగాడు నన్ను తిట్టేడు కూడాను, తనొచ్చి నా కారెదర నిలబడి. నాలుగోసారి ఆగినప్పుడు ఎదర ఎవరూ రాలేదు గానీ, కాలవ వచ్చింది.

వేరే ఇబ్బందులంటారా, కారు ఎడం పక్కకి లాగుతంది. ఎడం అద్దం రెండుసార్లు ఊడింది, రెండుసార్లూ మా గేటు స్తంభమే తగిలింది. హెడ్‌లైట్లు కూడా మసక. మీ ఉత్తరాల్లో అక్షరాలు కూడా మరీ సన్నం, మంగాయమ్మే చదివి వినిపిస్తంది. ఆఫీసన్నాక కొంచెం పెద్దక్షరాలు కొట్టించుకోవాలి.

డ్రైవింగులో తప్పుందేమోనని మీకు అనుమానమొస్తే అది వద్దు. నేను కారు తీస్తే మా వీధిలో మనుషులూ మేకలూ అన్నీ అరుగులెక్కి దారిస్తాయి. అంత గౌరవం.

ఇట్లు,
పెదబాబు.

తా.క.: మా పక్కింటి అచ్చియ్యమ్మ కారుకి గాలి సోకిందంది. నిమ్మకాయలు కట్టి, కెమెరాలకి కూడా పసుపు బొట్లు పెట్టేం. అప్పట్నుంచి రివర్సు చేస్తే టీవీలో పసుపు తప్ప ఏటీ కనబడదు. ఇదీ లోపాల్లో రాసుకోండి.

ఇంకో తా.క.: కాఫీ కప్పు వచ్చినప్పుడల్లా ఆగి టీ తాగుతన్నాను. దేవరాపల్లి వెళ్ళొచ్చేసరికి ఏడు టీలయ్యాయి.


విశాఖపట్నం,
మార్చి 2.

పెదబాబు గారికి నమస్కారాలు.

మా మెకానిక్ సత్యారావును మీ ఊరు పంపాం కదా, అతని నివేదిక వచ్చింది. మంగాయమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని అతనే దేవరాపల్లి దాకా నడిపాడు. వాహనం ఎక్కడా ఆగలేదు. తిరిగి వచ్చేటప్పుడు మీరు నడిపారు, అతను పక్కన, అమ్మగారు వెనక కూర్చున్నారు. అప్పుడూ వాహనం ఆగలేదట. చెరుకు ఆకుల కుప్పలోకి వెళ్ళాక ఆగిందట.

నివేదికలో మిగిలింది రెండు వాక్యాలు. "వాహనంలో లోపం లేదు. నన్ను మళ్ళీ పంపవద్దని మనవి." సత్యారావు ప్రస్తుతం సెలవులో ఉన్నాడు.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. ముందు అడ్డం కనబడితే తనంతట తానే ఆగే కార్లు ఉన్నాయి. కానీ మీ కారు ఆ రకం కాదు, అందులో ఆ ఏర్పాటే లేదు. మరి ట్రాక్టరునీ గేదెనీ కాలవనీ చూసి ఎవరు ఆపుతున్నారో నాకు అంతుపట్టడం లేదు.

మీ ఉత్తరాలు మళ్ళీ మళ్ళీ చదివాను. బెల్లం రంగు, మసక దీపాలు, సన్నక్షరాలు, ఎడం అద్దం. ఇది మా శాఖ పని కాదు, అయినా చెబుతున్నాను. వీలు చూసుకుని ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే మంచిదేమో. బలవంతం ఏమీ లేదు.

భవదీయురాలు,
క్రిస్టినా.

తా.క.: కెమెరాలకు బొట్టు తుడిచేస్తే సరిపోతుంది. నిమ్మకాయలు ఉండనివ్వండి, వాటితో ఇబ్బంది లేదు.


చోడవరం,
మార్చి 6.

ఆఫీసరమ్మకి. దండం పెట్టే ఓపిక ఈసారి లేదు.

కారుకి రోగమొస్తే డ్రైవరుకి సూదిమందా? ఏటి రూలు ఇది? పక్కనెవరైనా కూర్చుంటే ఆగిపోయే కారు తోలే డ్రైవర్లందరూ పద్నాలుగు రోజుల్లోపల కళ్ళ పరీక్ష చేయించుకోవాలని గవర్నమెంటు చట్టం చేసిందా? లేదంటే లైసెన్సు లాక్కుని, కారు తీసుకెళ్ళిపోయి, ఫొటో పేపర్లో వేస్తారా? మంగాయమ్మ మీ ఉత్తరం చదువుతూ ఆ ముక్క దగ్గరకొచ్చేసరికి గొంతు పెద్దది చేసి రెండుసార్లు చదివింది. మా వీధంతా విన్నాది.

నా కళ్ళకేటి? చెరుకు లోడు మీద పిచ్చిక వాలితే అద్దంలో కనిపెట్టినోణ్ణి. ఆ కుప్ప సంగతంటారా, రోడ్డు పక్కన పెట్టాల్సిన కుప్ప రోడ్డుకి అంత దగ్గర పెట్టడం రైతు తప్పు. సత్యారావు ఎందుకంత కేకలేసేడో నాకిప్పటికీ తెలీదు. మెత్తగానే ఆగేం కదా.

నాకీ కారొద్దు, పట్టుకుపోండి. మంగాయమ్మ పక్కన కూకోడానికి కొన్న కారు ఆవిడ కూకుంటే నడవకపోతే, అది నాకు దేనికి? ఇద్దరం బస్సులోనే పోతాం. నిలబడే పోతాం. అరవై ఎనిమిదేళ్ళొచ్చేక ఒక్క మాట నిలబెట్టుకోలేకపోనానని మనసు కష్టంగా ఉంది తల్లీ, అందుకే ఇంత గట్టిగా రాసేను.

ఇట్లు,
పెదబాబు.

తా.క.: చట్టం నంబరు ఎంతని అడిగితే మంగాయమ్మ కాసేపు ఆలోచించి పద్నాలుగు అంది. రోజులూ పద్నాలుగే, నంబరూ పద్నాలుగేనా?


విశాఖపట్నం,
మార్చి 11.

పెదబాబు గారికీ, ముఖ్యంగా ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న మంగాయమ్మ గారికీ నమస్కారాలు.

మీరు రాసిన చట్టం నా ఉత్తరంలో ఎక్కడుందా అని మా కాపీ తీసి మూడుసార్లు వెతికాను. తరవాత ఆ ఉత్తరం మీకు ఎవరు చదివి వినిపించారో గుర్తొచ్చింది. ఇక వెతకడం మానేశాను. మీ ఇంట్లో అమలులో ఉన్న చట్టాన్ని మా కంపెనీ పూర్తిగా గౌరవిస్తుంది.

మా నాన్న కృపారావు కూడా డ్రైవరే, బస్సు నడిపేవారు. కళ్ళు చూపించుకోమంటే మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టి, మా ఇంటి గోడలు ఎంత మురికిగా ఉన్నాయో అదే మాట్లాడారు.

కారు వెనక్కి తీసుకుంటాం, కాదనను. కళ్ళ డాక్టరు సర్టిఫికెట్ వచ్చేవరకూ మీ గ్యారంటీ రోజులు లెక్కపెట్టకుండా ఆపించాను. అది వచ్చాక కూడా మీకు కారు వద్దనిపిస్తే, నేనే వచ్చి తీసుకెళ్తాను.

మీ మేలు కోరే,
క్రిస్టినా.

తా.క.: అంతవరకూ దయచేసి బస్సు. టీ కూడా తగ్గించండి.


చోడవరం,
ఏప్రిల్ 28.

మా క్రిస్టినమ్మకి, పెదబాబు రెండు కళ్ళతో సూసి స్వయంగా రాస్తన్నాడు. ఆశీర్వచనాలు.

ఎడం కన్ను పూర్తిగా పొర కట్టేసిందంట. కుడి కన్ను సగం. డాక్టరు "ఇన్నాళ్ళు ఎలా తోలేవయ్యా" అన్నాడు. కట్టు విప్పేక ముందు మంగాయమ్మని సూసేను. "ముసల్దానివైపోనావేటే" అన్నాను. "నువ్విప్పుడు సూసేవు, నిన్ను నేను రోజూ సూస్తన్నాను" అంది. ఇంటికొచ్చి, వాకిట్లో ఈ తెల్లకారు ఎవరిది, మన బెల్లం రంగు కారేదని అడిగేను. అచ్చియ్యమ్మ నవ్వలేక అరుగు మీద కూలబడిపోనాది. నా బనీన్లు కూడా తెల్లవేనంట. సరిగ్గా ఉతకట్లేదని రెండేళ్ళు మంగాయమ్మని సాధించేను.

డాక్టరు తోలొచ్చని రాసిచ్చేక నిన్న ఆదివారం బయల్దేరేం. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక ట్రాక్టరు అడ్డంగా తిరుగుతంది. నాకు ఇంత దూరం నుంచే కనబడింది. బ్రేకు మీద కాలు పెట్టబోతంటే ఎడం పక్కన ఏదో కదిలింది. ఇన్నాళ్ళూ నాకు ఆ పక్క గోడే కదమ్మా. అది మంగాయమ్మ సెయ్యి. సీట్ల మధ్యనున్న చిన్న బ్రేకు మీట మీద ఉంది. కళ్ళు రోడ్డు మీద, వేలు మీట మీద. నేను కాలితో తొక్కేను, ఆవిడ వేలితో లాగింది, ఇద్దరం కలిపి ఆపేం. ఎర్ర దీపం వెలిగింది, కీకీమంది.

ఆవిడ ఏటీ ఎరగనట్టు "ఈ కారు మళ్ళీ ఆగిపోనాదండీ" అంది.

బీచిలో ఇసక మీద కూర్చున్నాక అడిగేను. కారు కొన్నరోజే మీ షాపులో ఎవరో సెప్పేరంట, ప్రమాదమొస్తే ఇది లాగి పట్టుకోవాలమ్మా అని. కారు గురించి ఆ ఒక్కటే నేర్చుకుంది. నాకు సూపు లేదని నాతో సెప్పొచ్చు కదా అన్నాను. "ముప్పై రెండేళ్ళు ఒక్క కేసు లేదని ఊరంతా సెప్పుకుంటావు. నీకు కళ్ళు కనబడవని నేనే ఎలా సెప్పేది?" అంది. భయమేసినా పక్కన ఎందుకు కూకున్నావని అడిగేను. "నువ్వొక్కడివీ ఎళ్తే ఆపేదెవరు?" అంది. నాకు కళ్ళంట నీళ్ళొచ్చేయి. డాక్టరు కళ్ళు తడపొద్దన్నాడు గానీ ఏటి సేస్తాం.

ఫిర్యాదు వాపసు తీసుకుంటన్నాను. కారు మాకే ఉండనివ్వండి. దాంట్లో లోపమేటీ లేదు.

మీ పెదబాబు.

తా.క.: మీ పాత ఉత్తరాలన్నీ నేనే మళ్ళీ చదువుకున్నాను. పద్నాలుగో నంబరు చట్టం ఎక్కడా లేదు. నేను చదివేనని మంగాయమ్మకి సెప్పలేదు, మీరూ సెప్పకండి.

ఇంకో తా.క.: మీ రికార్డుల్లో ఈ కారుకి తనంతట తానే ఆగే ఏర్పాటు లేదని రాసుంది. దిద్దండి. ఉంది. ఎడం పక్క సీట్లో కూర్చుంటాది. నలభై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తంది.