బ్రేకు చూసేదాకా బండి తీయొద్దు

బావా,

లేవగానే బండి తీయొద్దు. వాకిలి ఊడుస్తుంటే లారీ ఎడమ వెనక చక్రం కింద నేల తడిగా కనిపించింది. వాసన చూస్తే బ్రేక్ ఆయిలే. ఎక్కి పెడల్ తొక్కితే కిందికంటా దిగిపోయింది.

నిన్న పాత యాక్సిల్ లాగి కొత్తది ఎక్కించినంతసేపూ అంత లారీ మామయ్య మగ్గం దుంగల మీద కదలకుండా నిలబడింది. కొత్త బ్రేకులు చూసేటప్పుడు మెకానిక్ చౌడప్పన్న వెనక చక్రం గిర్రున తిప్పి, "తొక్కు తల్లీ, అట్లే పట్టుకో" అన్నాడు. తొక్కినాను. టక్కున ఆగిపోయింది! నా కాలు ఆపింది దాన్ని. ఇంకా నమ్మలేకున్నాను. మీరేమో "నీకేం తెలుసు, తొక్కమంటే తొక్కు" అని నవ్వినారు. అంత బరువూ ఆగేది ఆ గుక్కెడు నూనెతోనే అని తెలిసింది బావా.

అత్తమ్మతో తిరుత్తణి రైలుకు పోతున్నాను. ఇడ్లీలు మూతపెట్టి ఉన్నాయి. పూజకు నిమ్మకాయలు గూట్లో ఉన్నాయి. బండి తీసే పదిన్నర మంచిగంట దాటిపోతే పోనీ, పంచాంగంలో ఇంకోటి నేను చూస్తాను.

కోకిల

బండి తాళంచెవికోసం ఇల్లంతా వెతకొద్దు. పోతూ చౌడప్పన్నకు ఇచ్చి పోతాను. ఆయన వచ్చి బాగుచేసి, బ్రేకు పట్టినాకనే మీ చేతికిస్తాడు.